ఐదింటికల్లా మూసెయ్యాలి

“ఐదింటికల్లా కాపలా ఆపేసి, తాళాలు ఇవాళే అప్పగించాలట,” అంది విభాగాన్ని నడిపే పెద్దావిడ, మెయిల్లో వచ్చిన ఉత్తర్వును తెరమీద మూడోసారి చదువుతూ. కింద కార్యదర్శి సంతకం.

ఎదురుగా కూర్చున్న గద్ద తలెత్తలేదు. పరాయి దేశపు దొంగలు ఏ కంప్యూటర్లో వేలు పెట్టినా ఇట్టే పట్టేస్తాడని ఆ పేరు. కరెంటు, మంచినీళ్లు, ఆసుపత్రులు, అన్నిటి కంప్యూటర్లకూ సర్కారు పెట్టిన కాపలా ఈ గదిలోనే ఉంది.

దాడి జరగనివ్వకపోవడమే వీళ్లు చేసిన పాపం. ఆరేళ్లుగా ఏమీ కాలేదు గనక ఈ విభాగం దండగన్నారు. మూసేస్తారని ఆరు నెలలుగా పుకారు. పెద్దావిడకు అన్నం సయించక అన్నాళ్లయింది.

“కుక్క ఉంది కాబట్టి దొంగ రాలేదు. దొంగ రాలేదని కుక్కను తరిమేస్తున్నారు మేడమ్,” అన్నాడు గద్ద.

ఆమె లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. రేపు తమ్ముడికి గుండె ఆపరేషన్, అదీ ఈ కాపలా నీడనున్న ఆసుపత్రిలోనే. కనీసం నెల గడువిమ్మని బతిమాలుతూ ఆ మెయిల్‌కే జవాబు రాసింది. పది నిమిషాల్లో తిరుగు జవాబు వచ్చింది. వీలుపడదు, ఇన్నాళ్ల సేవలకు కృతజ్ఞతలు. ఫైలు కదలడానికి పది నెలలు పట్టేచోట, కాదనడానికి మాత్రం ఎంత చురుకో అని ఆమెకు ఒళ్లు మండింది.

నాలుగున్నరకు గద్ద గొంతు తగ్గించాడు. “రేపటిదాకా ఆపకుండా ఉంచేద్దామా? ఎవరికి తెలుస్తుంది?”

“మనమే పైమాట వినకపోతే ఇంకెవరు వింటారయ్యా,” అంది. ఆ మాట అంటుంటే ఆమెకే ఏడుపొచ్చింది.

ఐదుకు రెండు నిమిషాలుండగా తన చేత్తోనే ఒక్కొక్క కాపలా ఆపేసింది. తెరలు నల్లబడ్డాయి. గద్ద కళ్లు తుడుచుకున్నాడు. ఆమె తాళాల గుత్తి తీసుకుని, రెండు వీధుల అవతలున్న కార్యదర్శి ఆఫీసుకు వడివడిగా నడిచింది. ఉద్యోగం ఎలాగూ పోయింది, కడుపులో ఉన్నది కక్కేసి రావాలనుకుంది.

గుత్తి ఆయన బల్లమీద పడేసి, ఇకమీదట ఏం జరిగినా ఆ ఉత్తర్వు ఇచ్చినవాళ్లదే పూచీ అని ముఖం మీదే అనేసింది.

కార్యదర్శి తాళాలవంకా, ఆమెవంకా మార్చి మార్చి చూశాడు.

“ఏ ఉత్తర్వమ్మా?”