ఈ ఏడాది ఎవరూ ఉండరు

అక్కను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారని ఫోన్ వచ్చేసరికి, ఇక్కడ మేడమ్ తప్పెవరిదో తేల్చే పనిలో ఉంది.

ట్రావెల్ ఆఫీసు తలుపులు మూసేశారు. మేనేజరు, టైపిస్టు ఆమె టేబుల్ ముందు నిలబడ్డారు. ఎర్ర పెన్నుతో టేబుల్ మీద టకటకా కొడుతోంది మేడమ్.

"కోట వెనక నూట పన్నెండు మెట్లు. వాటి మీంచి జారి మా అక్క తల పగిలింది. ఆ మెట్లు ప్లాన్‌లో పెట్టిందెవరు?"

యూరప్‌లో ఒక పాత రాజధాని. చలికాలంలో నాలుగు రోజులు. ఆఫీసు ఈ ఏడాదే మొదలుపెట్టిన ప్లాన్ అది. తొలి ప్రయాణాన్ని అక్కకూ బావకూ మేడమే కానుకగా ఇచ్చింది. అమ్మ పోయాక ఆమెకు జడవేసి, అన్నంపెట్టి, మనిషిని చేసింది ఆ అక్కే.

ప్లాన్ కాగితంలో మూడో రోజు దగ్గర ఇలా ఉంది: "ఉదయం ఎనిమిదికి కోట వెనక పాత మెట్లు. మెట్ల నిండా మంచు. జనం ఉండరు. తప్పక ఎక్కండి."

"అది కర్రయ్య చెప్పిందే మేడమ్," అన్నాడు మేనేజరు చివరికి.

కర్రయ్య అసలు పేరు ఎవరూ అడగలేదు. నెల క్రితం, అద్దాల తలుపు మీద అంటించిన ఆ మెట్ల ఫోటో చూసి లోపలికొచ్చాడు. అరవై దాటిన మనిషి. ఈడ్చే కాలు, చేతిలో మోటు కర్ర. ఆ ఫోటో తీసేయమన్నాడు.

"ఏం తాతా, హనీమూన్‌కా?" అన్నాడు మేనేజరు.

ఆయన నవ్వలేదు. టేబుల్ మీది ప్లాన్ చదివి తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ నెలల్లో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుందట. సోమవారం మ్యూజియం తెరవరట. నదిలో పడవలు తిరగవట. ఆయన వెళ్లాక మేనేజరు గుట్టుచప్పుడు కాకుండా అవన్నీ దిద్దుకున్నాడు. కూర్చోమని మాత్రం అనలేదు.

రెండోసారి వచ్చినప్పుడు, సరదాకి మేనేజరు ఆయన కర్ర తీసి బీరువా వెనక దాచాడు. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. గాజు గదిలోంచి మేడమ్ తల ఎత్తి, ఆ గోలేమిటో చూసి, ఆ మనిషిని బయటికి పంపేయమంది. ఆయన జేబులోంచి కాగితం తీసి రెండు ముక్కలు రాసి, మేనేజరు టేబుల్ మీద పెట్టాడు. గోడ పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లిపోయాడు. కర్ర కోసం మళ్లీ రాలేదు.

"పోటీ ఆఫీసువాళ్లు పంపిన మనిషై ఉంటాడు మేడమ్. కావాలనే మనల్ని ముంచాడు," అన్నాడు మేనేజరు ఇప్పుడు.

మేడమ్‌కు కావలసిన మనిషి దొరికాడు. ఎస్సైకి ఫోన్ చేసింది. ముసలాయన రెండు వీధుల అవతల అద్దెగదిలో ఉంటాడని టైపిస్టు నసుగుతూ చెప్పింది. అరగంటలో పట్టుకున్నారు. చేతిలో కర్ర లేదు కదా, ఇద్దరు కానిస్టేబుళ్లు చెరో రెక్కా పట్టుకుని జీపు దాకా ఈడ్చారట.

నాలుగు తగిలిస్తేగాని నిజం కక్కడన్నాడు ఎస్సై.

"తగిలించండి," అంది మేడమ్.

పావుగంటకి మళ్లీ ఎస్సై ఫోన్. ఒప్పుకున్నాడట. కాగితం రాసింది తనేనట.

"ఏ కాగితం?" అని మేడమ్ మేనేజరు వైపు తిరిగింది. అతను నేల చూపులు చూశాడు. టైపిస్టు ఫైల్ తెరిచి చిన్న చీటీ తెచ్చి ముందు పెట్టింది.

వణికిన అక్షరాలు. "కోట వెనక మెట్ల మీద మంచు ఉంటుంది. ఈ ఏడాది అక్కడ ఎవరూ ఉండరు."

కింద వేరే చేతిరాత, ఎర్ర సిరాతో. "బాగుంది. ఇదే పెట్టండి. తప్పక ఎక్కండి అని కలపండి."

టేబుల్ మీద పెన్ను చప్పుడు ఆగిపోయింది. ఆ రోజు మేనేజరు టేబుల్ మీద ఆ చీటీ చూసి, అతను రాసుకున్న ప్రకటన అనుకుంది మేడమ్.

అప్పుడే బావ ఫోన్ చేశాడు. ఏడవడం అయిపోయిన గొంతు.

"మీ అక్క లేదమ్మా."

బావ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. మంచు అంటే మెత్తగా ఉంటుందనుకుందట అక్క. తీరా చూస్తే అది గడ్డకట్టి మెట్లన్నీ గాజు పలకలట. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారట.

"రోజూ తెల్లారేసరికి, ఎవరూ జారకుండా ఆ మెట్ల మీద ఇసుక చల్లే మనిషి ఒకాయన ఉండేవాడటమ్మా. మన భాషవాడే. పందొమ్మిది చలికాలాలు ఒక్కరినీ పడనివ్వలేదట. పోయినేడు ఆయనే జారి, కాలు విరిగి, మన ఊరికి వచ్చేశాడట. ఆయన చోట ఇంకా ఎవరినీ పెట్టలేదట."

బీరువా వెనకనుంచి టైపిస్టు కర్ర తీసి తెచ్చింది. దాని అడుగున, గడ్డకట్టిన మంచులో దిగడానికి కొట్టిన మూడు ఇనుప మేకులు. అరిగిపోయి ఉన్నాయి.

"ఇంతకీ మమ్మల్ని ఆ మెట్లు ఎక్కమని రాసిందెవరమ్మా?" అన్నాడు ఫోన్‌లో బావ.

మేనేజరు రెండు చేతులూ ఊపుతూ, కర్రయ్య అని చెప్పమని సైగ చేశాడు.

మేడమ్ చీటీ వైపు చూసింది.

"నేనే బావా."