సంచిలో మిగిలిన రాయి

“మా కురబలకోటకు ఇంగ్లీషు తెచ్చిందే నేనమ్మా!” అన్నాడు ఆదెప్ప. కుప్పం నుంచి వస్తున్న బస్సు పుంగనూరు దాటింది. పక్క సీట్లో ఉన్న విమలమ్మ రిటైరైన టీచరు.

“ఎంత తెచ్చినావప్పా?”

“ఒక మాట. క్యాలిక్యులేటివ్. మా అన్న గురప్పను మొగంమీదే అనేసి, కుప్పం ఎల్లిపోయినా. అర్థం మాత్రం అడగొద్దు. టమాటా మండీలో ఎవురో అంటాంటే ఇన్నా.”

విమలమ్మ నవ్వింది. “ప్రతిదానికీ లాభం లెక్కేసుకునే మనిషని తిట్టినావు. ఆ మాట పుట్టుక మాత్రం మంచిదే. లాటిన్‌లో గులకరాయిని కాల్కులస్ అంటారు. పాతకాలంలో రాళ్లతోనే కదా లెక్క.”

ఆదెప్ప హుషారు తగ్గింది.

“మా అన్నదీ అదే లెక్కమ్మా. పొద్దున దొడ్డి దాటే ఒక్కో గొర్రెకూ ఒక రాయి సంచిలో ఏసేవాడు. సాయంత్రం లోపలికొస్తాంటే ఒక్కొక్కటే తీసేవాడు. నేను మదనపల్లెలో సినిమా సూసి రాత్రి ఆలీసంగా వస్తే, సంచి ఒళ్లో పెట్టుకోని దొడ్డికాడే కూర్చోనుండేవాడు. ‘ఇంకా ఒకటి రాలా’ అని వదినతో అంటాంటే నా సెవిన పడింది. గొర్రెనమ్మి సినిమాకు పోయినానని, నన్ను దొంగంటాడా?”

“దొంగ అన్నాడా?”

ఆదెప్ప కిటికీ వైపు తిరిగాడు. “అన్లా. ఆ మాట నేను కలిపిందే.”

“అయితే అన్ననే అడుగు.”

“యాడ అడగల్లమ్మా? పోయిన నెల సచ్చిపోయినాడు. రోషంతో మట్టెయ్యడానికీ రాలేదు. నన్ను దొంగనుకోనే పోయినాడా? అదొక్కటి తెలిస్తే సాలు.”

ఇంటికి చేరేసరికి దొడ్డి ఖాళీగా ఉంది. వదిన గోవిందమ్మ మంచినీళ్లిచ్చింది. గూట్లోంచి పాత సంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అడుగున ఒకటే రాయి, చేతుల్లో నలిగి నున్నబడిపోయింది.

“నువ్వు పోయినాక కూడా మీ అన్న రోజూ పొద్దున దీన్ని ఏసేవాడు. సాయంత్రం ఇది సంచిలోనే మిగిలేది. దాన్ని పట్టుకోని దోవ సూస్తా కూర్చునేవాడు.”

“ఒట్టు వదినా! ఆ గొర్రె యాడికి పోయిందో నాకు తెలీదు.”

“ఏ గొర్రె? మన మందలో ఎప్పుడూ గొర్రె తప్పిపోలేదే!” గోవిందమ్మ వింతగా చూసింది.

“మరి ఈ రాయి?”

“అది నీ రాయప్పా.”