నాలుగో లైను

"పోనీ, ఆ కంప్యూటర్నే హాల్లోకి తెచ్చుకోండి. దేవుడి గదిలోకి మాత్రం ముక్కూమొహం తెలియని మనిషి రావడానికి వీల్లేదు" అంది కోటేశ్వరమ్మ, మూడోసారి.

"మళ్ళీ కదిపితే ఉన్నది కూడా పోతుందమ్మా" అన్నాడు కొడుకు శరత్‌చంద్ర. "కదిపే కదా ఇంత తెచ్చుకున్నాం!"

నిజమే. నైరుతిలో ఆ యంత్రం ఇంటి యజమానికి అచ్చిరాదని ఎవరో వాస్తు చెప్పారు. పోయిన శుక్రవారం దాన్ని ఈశాన్యానికి, అంటే దేవుడి గదిలోకి మార్చారు. వైర్లన్నీ పీకి, తోచిన చోట గుచ్చారు.

అప్పటినుంచీ పంచాంగం లెక్కలు వేసే లైనక్స్ మెషీన్ లేవడం లేదు. అది విడిగా ఉండే యంత్రం కాదు. కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్. తెర నల్లబడి, 'ఎమర్జెన్సీ మోడ్' అని చూపించి ఆగిపోతోంది.

ఆవిడ భర్త అనంతపద్మనాభం సిద్ధాంతి గారు నలభై ఒక్కేళ్ళుగా ఏటా పంచాంగం వేస్తున్నారు. గుంటూరు ప్రెస్సువాళ్ళు ఈ సాయంత్రం దాకే ఆగుతామన్నారు. అది దాటితే ఈ ఏటికి పంచాంగం లేనట్టే.

"ప్రోగ్రాం నువ్వు రాసిందేగా? ఏటా మొదటి పేజీలో నీ పేరే వేస్తున్నాంగా. నువ్వే చూడకూడదట్రా?" అన్నారాయన.

శరత్ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

అరగంటలో మాలిక్ వచ్చాడు. చిలకలూరిపేట హైవే మీద స్పిన్నింగ్ మిల్లుల్లో కంప్యూటర్లు బాగుచేస్తాడు. చొక్కా నిండా దూది నూగు.

గదికి అడ్డంగా నిలబడ్డ కోటేశ్వరమ్మను చూసి, ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాడు.

"నేను లోపలికి రానక్కర్లేదండి. పాప కూర్చుంటే ఇక్కణ్ణుంచే చెబుతాను."

ఇంజనీరింగు చదువుతున్న మనవరాలు శ్రీజ కంప్యూటర్ ముందు కూర్చుంది.

"బయట రెండు చిన్న డిస్కులు తగిలించి ఉంటాయమ్మా. అటుది ఇటు అయిందేమో చూడు."

"ఏమో అంకుల్! నానమ్మ రెంటికీ పసుపూ కుంకుమా పెట్టేసింది. ఏది ఎక్కడుండేదో ఆ దేవుడికే తెలియాలి."

మాలిక్ నవ్వలేదు.

"తగిలించిన వరస మారితే మెషీన్ వాటి పేర్లు మార్చేస్తుంది. పాత పేరుతో వెతుక్కుని, కావలసింది దొరక్క ఆగిపోతోంది. పేరు వదిలేద్దాం. ప్రతి డిస్కుకీ ఒక నంబరుంటుంది. ఎక్కడ తగిలించినా అది మారదు."

ఆ నంబర్లు చూపించే కమాండ్ ఒక్కో అక్షరం చెప్పాడు. శ్రీజ కాగితం మీద రాసుకుంది. ఒకటి తప్పు కొట్టింది. మళ్ళీ మొదటికొచ్చారు. ఈసారి వచ్చిన రెండు నంబర్లూ పైకి చదివింది.

"ఇప్పుడు డిస్కుల జాబితా ఉన్న ఫైలు తెరువమ్మా. నాలుగో లైన్లో గ్రహాల పట్టికల డిస్కు ఉంటుంది. ముందున్న పేరు తీసేసి రెండో నంబరు పెట్టు."

"ఆగండంకుల్, ఇంకా తెరవందే!"

తెరిచింది. నాలుగో లైనే.

హాల్లో పడక్కుర్చీలో ఉన్న సిద్ధాంతి గారు తలెత్తి చూశారు.

మెషీన్ ఆపి, మళ్ళీ పెట్టారు.

"లేచింది తాతయ్యా! ఉగాది పేజీ వచ్చేసింది!"

కోటేశ్వరమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని, హడావుడిగా కుర్చీ తెచ్చింది. అప్పటికే మాలిక్ చెప్పులేసుకుంటున్నాడు. రెండు గంటలూ నిలబడే ఉన్నాడు.

"కూర్చో నాయనా. కాఫీ కలుపుతాను."

"మిల్లు దగ్గర ఎదురుచూస్తున్నారమ్మా. వెళ్ళాలి."

బండి చప్పుడు హైవే వైపు సాగిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సిద్ధాంతి గారు అన్నం కలపలేదు.

"ఫైలు తెరవకముందే నాలుగో లైన్లో ఏముందో ఆయనకెలా తెలుసురా?"

శరత్ కంచం పక్కకి జరిపాడు. కోటేశ్వరమ్మ చేతిలో గరిట ఆగింది.

"తన పేరు వద్దన్నాడు నాన్నా" అన్నాడు శరత్.

"వద్దన్నది ఆయన. వేసుకున్నది నువ్వు."

ఆ మాట గట్టిగా కూడా అనలేదాయన. తర్వాత అందరికీ వినిపించేలా మనవరాలితో చెప్పారు:

"మొదటి పేజీలో మీ నాన్న పేరు తీసేసి మాలిక్ గారి పేరు పెట్టి ప్రెస్సుకి పంపమ్మా, పదేళ్ళుగా ఈ ఇంటి తిథులు లెక్కగడుతున్నది, మనం గడప బయట నిలబెట్టిన ఆ మనిషి రాసిన ప్రోగ్రామే."