అమ్మ తలపట్టీ

కబడ్డీ ఫైనల్‌కి ముందు ప్రాక్టీసులో ఎవరి మోకాలో తలకి తగిలి, లోపలి బాధని రంగులో చూపించే హైమ తలపట్టీ ఎర్రబడింది. ఎర్రపట్టీ ఉన్నవాళ్ళని ఆడనివ్వరు. ఒకరి పట్టీ మరొకరు కట్టుకుంటే, కొత్త తలకి తగ్గట్టు రంగు మారడానికి ఓ పూట పడుతుంది. అందుకే, "వద్దే, వద్దే" అంటున్నా వినకుండా, అమ్మ తన తలలో పూలదండ చాటున దాచుకునే పట్టీ లాగి హైమ నుదుటికి కట్టుకుంది.

రిఫరీ నూకరత్నం దగ్గరికొచ్చి చూసింది. "దెబ్బేం లేదు గానీ, ఇంత నీలమా? ఎన్నేళ్ళ దిగులమ్మా ఇది?"

హైమ తిరిగి చూసింది. కోర్టు పక్కన అమ్మ నవ్వుతూ అందరికీ మజ్జిగ పోస్తోంది.

హైమ పట్టీ విప్పేసింది. "ఇది మా అమ్మదండీ. నాది ఎరుపు. నేనాడను."

అమ్మ చెంబుతోనే పరిగెత్తుకొచ్చింది. "మరి కప్పు సంగతేంటే?"

"మనోళ్ళు కొట్టుకొస్తార్లే. చెంబక్కడ పెట్టి పద. ఇద్దరం డాక్టరుకి చూపించుకుందాం. ముందు నువ్వు."