క్లచ్ మీద కాలు

“కాణిపాకం ఇంకెంతో దూరం లేదు. కోనేట్లో మునిగి స్వామి ముందర ప్రమాణం చేస్తావా, చెయ్యవా?”

పూతలపట్టు కూడలిలో మెకానిక్ ఏబెల్ షెడ్డు ముందు కారు ఆగీ ఆగకముందే, చింతపండు వ్యాపారి చిన్నబ్బ డ్రైవరు లోకేష్ మీద ఎగిరిపడ్డాడు. తిరుపతి దాటినప్పటి నుంచీ క్లచ్ కాలిన వాసన. చూస్తే ఇంకా కొత్త వాసన పోని కారు. చిన్నబ్బకు కారు తోలడం రాదు. తాళం లోకేష్ దగ్గరే ఉంటుంది. ఇక లెక్క తేలడానికి ఏముంది?

“చేస్తానన్నా. నా కాలితో క్లచ్ అరగలా,” అన్నాడు లోకేష్.

“క్లచ్చుకూ గిచ్చుకూ దేవుడెందుకురా? పని లేక కూర్చోనుండాడా ఆయన?” వెనక సీట్లోంచి చిన్నబ్బ తల్లి మునిరత్నమ్మ కసిరింది.

“నువ్వూరుకోమ్మా!”

ఏబెల్ ఇంజన్ ఆన్ చేసి చెవి ఒగ్గాడు. గడగడమని మోత. క్లచ్ తొక్కితే మోత మారింది. ఇంజన్ ఆపితే అడుగున దడ్‌మని ఒక దెబ్బ. మళ్లీ స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరు వేసి క్లచ్ వదిలాడు. చప్పున ఆగిపోవాల్సిన ఇంజన్ తనకేమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది.

“ప్లేటు అయిపోయిందన్నా. ఫ్లైవీలూ వదులైపోయుండాది. దీంట్లో ఒకటి కాదు, రెండు చక్రాలు, మధ్యలో స్ప్రింగులు. ఆ స్ప్రింగుల మోతే ఇది. ఎవురో సగం క్లచ్ మీదనే బండి తోలినారు.”

“ఎవురో ఏంది? వీడే!”

ఏబెల్ లోకేష్‌ను తోలమని, పక్కన కూర్చుని చిత్తూరు రోడ్డులో కాస్త దూరం పోయి వచ్చాడు. “ఈయన కాదన్నా. గేరు మార్చినాక కాలు పెడల్ మీద ఉంచడు, ఎడమ పక్కకు తీసేస్తాడు. కావాలంటే మ్యాటు సూడు, ఆ పక్కనే అరిగుండాది.”

చిన్నబ్బ వంగి చూశాడు. నిజమే. గుండెల మీంచి బస్తా దించినట్టయింది. క్లచ్ పోతే కొత్తది దొరుకుతుంది. నమ్మిన మనిషి ఏ అంగట్లో దొరుకుతాడు?

కానీ వ్యాపారి బుర్ర ఊరుకోదే. ఒక పక్క తేలిందంటే రెండో పక్కా తేలాల్సిందే.

“సరేప్పా, నువ్వు కాదు. మరి అదెవురో నీకు తెలీదని ప్రమాణం చెయ్.”

లోకేష్ తల దించుకున్నాడు. ఎంత గద్దించినా నోరు విప్పలేదు.

“సూసినావా ఏబెలూ! నేను మండీలో ఉంటే, మధ్యాన్నం పూట బండిని ఎవురికో బాడుగకు ఇస్తాండాడు. తాళం ఆడ పెట్టి బస్సెక్కురా. రేపట్నించి రావద్దు.”

లోకేష్ తాళం బానెట్ మీద పెట్టాడు. కళ్లు తుడుచుకున్నాడు. మెల్లగా రోడ్డు వైపు నడిచాడు.

కారు వెనక డోరు తెరుచుకుంది. మునిరత్నమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగింది.

“నిలబడు లోకేశా!” అని అరిచి, బానెట్ మీది తాళం తీసుకుని కొడుకు మొహం ముందు ఆడించింది. “క్లచ్ అరగదీసింది ఈ కాలురా! మధ్యాన్నం పూట నేను డ్రైవింగ్ నేర్చుకుంటాండా. ఇంకేమన్నా అడగాల్నా?”

చిన్నబ్బ తల్లి కాలి వైపు చూశాడు, పెడల్ వైపు చూశాడు. ఏబెల్ పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. చిన్నబ్బ అక్కడున్న పాత టైరు మీద కూలబడి పగలబడి నవ్వాడు. బాడుగ లేదు, మోసం లేదు. పోయింది క్లచ్చే, మనిషి మిగిలాడు.

లేచి వెళ్లి లోకేష్ భుజం పట్టుకున్నాడు. “ఆ మాట ముందే చెప్పుంటే సరిపోయేది కదప్పా! పని పోతాండినా నోరు మెదపకుండా నిలబడితివే!”

“వాడెట్లా చెప్తాడ్రా?” అంది మునిరత్నమ్మ. “లైసెన్సు వచ్చేదాకా నీకు చెప్పనని, మొదటి దినమే ఆ కాణిపాకం స్వామి ముందరే వాడిచేత నేను ప్రమాణం చేయించినా!”