బోర్లా పెట్టిన వాచీ

"బోర్లా పెట్టి చూశావా?"

పెద్దాయన మళ్ళీ అదే ప్రశ్న. కొట్టులో అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు.

వాచీలాయన బలవంతంగా నవ్వాడు.

"చూశానండీ."

చూడలేదు. మూత బిగించి పది నిమిషాలైనా కాలేదు.

కొట్టు తెరిచి రెండు నెలలు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఓ ఆఫీసులో గుమాస్తా. ఆదివారాలు మాత్రం ఇంటి ముందుగదిలో, కిటికీ పక్క బల్ల మీద, కీ ఇచ్చే పాత వాచీలు బాగుచేసేవాడు. ఎవరూ నేర్పలేదు. విప్పడం, బిగించడం, చివర్లో ఓ మర మిగిలిపోతే తల పట్టుకుని మళ్ళీ విప్పడం. అలా వచ్చిన విద్య.

ఆ బల్ల దగ్గరికే ఓ ఆదివారం ఈ పెద్దాయన వచ్చాడు.

"తొందరేం లేదు నాయనా. వచ్చే ఆదివారం తీసుకుంటా."

ఆదివారం వచ్చి అది తీసుకున్నాడు, ఇంకోటి ఇచ్చాడు. ఆ పైవారం మరొకటి. మొదటిదాంట్లో దుమ్ము. రెండోదాంట్లో తెగిన స్ప్రింగు. మూడోదానికి వచ్చిన జబ్బేమిటో కనిపెట్టడానికే నాలుగు సాయంత్రాలు పట్టింది.

"ఎన్ని చేతులండీ ఆయనకి?" అని భార్య నవ్వేది.

"ఎన్నయితే నీకెందుకు? వారం తప్పకుండా వచ్చే బేరం."

వారం గడువుండేది కాబట్టి, బాగుచేసిన వాచీని ఓ రోజు వెల్లకిలా, ఓ రోజు బోర్లా, ఓ రోజు నిలబెట్టి నడిపించి చూసేవాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. పేరు పాకింది. ఏడాది తిరిగేసరికి ఎలాంటి వాచీ చేతికొచ్చినా గుండె దడ పోయింది.

అప్పుడు లెక్క వేశాడు. వారానికి ఒక్కరోజు కూర్చుంటేనే ఇంత పనుంటే, ఆరు రోజులూ కూర్చుంటే?

లెక్కకి తిరుగులేదనిపించింది. ఉద్యోగం వదిలేశాడు. బస్సులు ఆగే వీధిలో కొట్టు తీసుకుని, పైన బోర్డు రాయించాడు: 'గంటలో రిపేరు'.

గంటలో ఇచ్చిన వాచీలు వారంలో తిరిగి రావడం మొదలైంది.

పెద్దాయన వాచీని అద్దాల బల్ల మీద బోర్లా పెట్టాడు. వంగి చెవి ఆన్చాడు.

"సాయంత్రానికి ఆగిపోతుంది. మళ్ళీ విప్పు."

"నాదీ అంతేనండీ, ఇది రెండోసారి రావడం," అన్నాడు వెనకనున్న మనిషి.

వాచీలాయనకి ఒళ్ళు మండింది.

"పెద్దాయనా! ఇది ఆదివారం కాలక్షేపం కాదు, అద్దె కట్టే కొట్టు. మీరిలా నలుగురిలో మాట్లాడితే వచ్చే బేరం కూడా రాదు. నా పని నచ్చకపోతే ఇంకోచోట చూసుకోండి."

పెద్దాయన వాచీని అక్కడే వదిలేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

కొట్టు మూసేవేళకి వాచీ ఆగిపోయింది.

తర్వాతి వారం ఆయన రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

మూత బిగించిన ప్రతిసారీ వెనకనుంచి ఎవరో అడిగినట్టుండేది. బోర్లా పెట్టి చూశావా? తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. ఒకసారి ఉలిక్కిపడి "చూశానండీ" అని పైకే అనేశాడు. వాచీ ఇచ్చి నిలబడ్డ ఆవిడ వింతగా చూసింది.

"ఓసారి వెళ్ళి మాట్లాడి రండి, పోయేదేముంది?" అంది భార్య.

"వాచీ నడవకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

దాన్ని విప్పి కూర్చున్నాడు. వెల్లకిలా పెడితే నడిచేది. బోర్లా పెడితే ఊపిరి తీసేసినట్టు ఆగేది. తొమ్మిది రోజులు పట్టింది. చివరికి భూతద్దం కింద దొరికింది. ఓ చిన్న చక్రానికి, ఒకే ఒక్క పన్ను, వెంట్రుకవాసి వంగి ఉంది.

సరిచేశాడు. మూడు రోజులు మూడు రకాలుగా నడిపించాడు. బోర్డు తనే నిచ్చెన వేసుకుని దించేశాడు. రిపేరు చీటీ మీదున్న చిరునామా పట్టుకుని బయల్దేరాడు.

ఓ ముసలావిడ తలుపు తీసింది. లోపల గోడలనిండా గడియారాలు. అన్నీ ఒక్క గొంతుతో నడుస్తున్నాయి.

"పెద్దాయన ఉన్నారామ్మా?"

"పోయి పన్నెండు రోజులైంది బాబూ."

వాచీలాయన జేబులోంచి వాచీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"రిపేరుకిచ్చారండీ. నడుస్తోంది. బోర్లా పెట్టినా నడుస్తోంది."

"రిపేరుకా?" ఆవిడ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. "ఆదివారం అబ్బాయివి నువ్వేనా? ఈ ఇంట్లో ఆగిపోయిన వాచీ ఎప్పుడుంది బాబూ?"

"మరి వారం వారం నాకు..."

"ఆయన నలభై ఏళ్ళు ఇదే పని చేసి, చేతులు వణకడంతో మానేశారు. 'బాగుచెయ్యడానికి పనికిరాకపోయినా పాడుచెయ్యడానికి ఈ చేతులు చాలు, పిల్లాడు నేర్చుకుంటాడు' అంటూ, శనివారం శనివారం నడిచే వాచీ ఒకటి విప్పి, కిందటి వారం కంటే కాస్త కష్టంగా చెడగొట్టి నీకు తెచ్చేవారు."