చీమ కూడా కనబడదు

చివరి బుడగను అత్తయ్య పాత ఏటీఎం కార్డుతో గీకి గీకి అంచుదాకా తరిమింది. హాలు కిటికీ మొత్తానికీ అద్దంలాంటి ఫిల్మ్ అంటుకుంది.

"అమ్మాయ్, వీధిలోకెళ్ళి చూడు. లోపల నేను కనబడుతున్నానేమో చెప్పు."

వెళ్ళాను. కిటికీలో నా మాడు మొహమే నాకు కనబడింది. కొత్త కోడలు కిటికీ దగ్గర నిలబడటం ఆవిడకు గిట్టలేదని, అందుకే ఈ ఏర్పాటని అనుకుని, పొద్దుట్నుంచీ లోలోపల ఉడికిపోతూ ఫిల్మ్ అంటించడానికి సబ్బునీళ్ళు చల్లాను మరి.

"చీమ కూడా కనబడదు అత్తయ్యా" అన్నాను తిరిగొచ్చి.

ఆవిడ తలుపు గడియపెట్టి, కొంగు నడుముకు బిగించి, ఫోన్లో పాట పెట్టింది. "నలభై ఏళ్ళుగా డాన్సు చెయ్యాలని నా కోరిక. వీధంతా నవ్వుతుందని ఊరుకున్నా. ఇక నవ్వేవాడెవడు? రా, నువ్వూ రా!"

నా అలక ఎటు పోయిందో! సోఫా పక్కకు నెట్టి ఇద్దరం గెంతులేశాం. చీకటి పడుతుంటే లైటు వేశాను. ఇప్పుడు కిటికీ మావైపు అద్దమైపోయింది. మమ్మల్ని మేమే చూసుకుంటూ మరీ రెచ్చిపోయాం.

పాట అయిపోయింది. చప్పట్లు మొదలయ్యాయి, బయట వీధిలోంచి.

కంగారుగా ఫిల్మ్ వచ్చిన అట్టపెట్టె తిరగేశాను. అడుగున చిన్న అక్షరాలు: "చీకటి పడ్డాక ఇంట్లో లైటు వేస్తే బయటివారికి లోపలంతా కనిపిస్తుంది."

ఒక్క గెంతులో స్విచ్చు మీద చెయ్యి వేశాను.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆయాసపడుతూనే కిటికీ వైపు చూసింది.

"నవ్వుతారనుకున్నానే గానీ, చప్పట్లు కొడతారనుకోలేదే! ఇంకో పాట పెట్టు. లైటు మాత్రం ఆర్పకు."